పాఠభేదాలు – వైరస్ భేదాలు: మాంసపు పశువుల శ్వాసకోశ వైరస్‌ల వైవిధ్యం, తెలుగు పరిభాష – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

మాంసోత్పత్తికై పెంచే పశువులలో శ్వాసకోశ వ్యాధులను కలిగించే వైరస్‌ల వ్యాప్తిని, జన్యు వైవిధ్యాన్ని తెలుగులో చెప్పవలసి వచ్చినప్పుడు మన పరిభాష ఎక్కడ తడబడుతున్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 'జాతి', 'రకం' అనే రెండు మాటలు పరస్పర భిన్నమైన నాలుగైదు భావనలను మోయడం వల్ల కలిగే అర్థనష్టాన్ని చర్చిస్తుంది. వైరస్‌ను మాయావిగా చిత్రించే రూపకానికి బదులు, సాహిత్య పరిశోధకులకు చిరపరిచితమైన పాఠపరిష్కరణశాస్త్రపు భావనలు ఈ విషయాన్ని మరింత నిర్దుష్టంగా వివరించగలవని ప్రతిపాదిస్తూ, ఆ సాదృశ్యపు హద్దులను కూడా గుర్తిస్తుంది.

కీలకపదాలు: శాస్త్ర పరిభాష, అనువాదం, పాఠభేదం, పశువ్యాధులు, జన్యురూపం, వంశశాఖ, టీకా.

1. ఉపోద్ఘాతం:

అనువాద అభ్యాసంలో భాగంగా స్నాతకోత్తర విద్యార్థులకు ఒక పశువైద్య వ్యాసభాగాన్ని ఇచ్చాను. అందులో 'షిప్పింగ్ ఫీవర్' అనే వ్యాధి ప్రస్తావన ఉంది. ఇద్దరు విద్యార్థులు దానిని 'ఓడ జ్వరం' అని అనువదించారు. పాడి కుటుంబం నుంచి వచ్చిన మరొక విద్యార్థి 'గురక వ్యాధి' అని రాశాడు. మొదటి అనువాదానికి తరగతి అంతా నవ్వింది. రెండవదానిని అందరూ మెచ్చుకున్నారు. నిజానికి ప్రమాదకరమైనది రెండవదే. 'ఓడ జ్వరం' తప్పని చదివినవారికి వెంటనే తెలిసిపోతుంది. 'గురక వ్యాధి' మాత్రం తెలుగు నుడికారంలో ఒదిగిపోయి, తన తప్పును తానే కప్పిపుచ్చుకుంటుంది.

గురక వ్యాధి లేదా గొంతువాపు అని మన రైతులు పిలిచేది హెమరేజిక్ సెప్టిసీమియా. అది పాశ్చురెల్లా మల్టొసిడా అనే బాక్టీరియా వల్ల వస్తుంది. గేదెలకు ఎక్కువగా సోకుతుంది. వానాకాలానికి ముందు దానికి టీకాలు వేయించడం పల్లెల్లో ఆనవాయితీ. షిప్పింగ్ ఫీవర్ అలాంటిది కాదు. అది పలు వైరస్‌లు, బాక్టీరియాలు, ప్రయాణపు బడలిక కలిసి కలిగించే శ్వాసకోశ వ్యాధి. ఆ అనువాదాన్ని చదివిన రైతు తన పశువులకు గురక టీకా వేయించాను గనుక భయం లేదనుకుంటాడు. ఈ పొరపాటు మన విద్యార్థిది మాత్రమే కాదు. 20వ శతాబ్ది తొలి దశకాలలో అమెరికన్ పశువైద్యులు సైతం షిప్పింగ్ ఫీవర్‌ను హెమరేజిక్ సెప్టిసీమియాగానే వ్యవహరించారు. పేరు పొరబడితే చికిత్స కూడా పొరబడుతుందనడానికి ఇది చాలినంత నిదర్శనం.

2. వ్యాధి పుట్టే తావు – ఫీడ్‌లాట్:

ఉత్తర అమెరికాలో మాంసపు పశువుల పెంపకం రెండు దశలలో సాగుతుంది. దూడలు పచ్చిక బయళ్ళలో తల్లుల వెంట పెరుగుతాయి. ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో వాటిని తల్లి నుంచి వేరుచేసి, వేలంశాలల మీదుగా ట్రక్కులలో వందల కిలోమీటర్ల దూరం తరలిస్తారు. టెక్సస్, కాన్సాస్, నెబ్రాస్కా, కెనడాలోని ఆల్బర్టా ప్రాంతాలలోని ఫీడ్‌లాట్లలో, అంటే వేల పశువులను కంచెల మధ్య ఉంచి దాణాతో బలిపించే స్థలాలలో, అవి చేరుతాయి. పాలు మానడం, దాహం, ప్రయాణం, కొత్త మేత, అపరిచిత పశువుల సాంగత్యం – ఇవన్నీ కొద్దిరోజుల వ్యవధిలోనే దూడను చుట్టుముడతాయి. పది పొలాల పశువులు ఒక దొడ్డిలో కలిసినప్పుడు పది చోట్ల వైరస్‌లూ కలుస్తాయి. ఫీడ్‌లాట్‌కు చేరిన తొలి వారాలలోనే జ్వరం, దగ్గు, ముక్కు కారడం, మేత మానడం మొదలవుతాయి. అక్కడి పశువుల అనారోగ్యానికి, మరణాలకు ఈ వ్యాధే ప్రధాన కారణం.

ఈ క్రమంలో వైరస్ సాధారణంగా తొలి ద్వారం తెరుస్తుంది. శ్వాసనాళపు లోపలి పొరను దెబ్బతీసి, రోగనిరోధక శక్తిని కుంగదీస్తుంది. అంతకుముందు ముక్కులో, గొంతులో నిరపాయంగా ఉన్న మన్‌హైమియా హీమోలిటికా, పాశ్చురెల్లా మల్టొసిడా వంటి బాక్టీరియాలు ఊపిరితిత్తులలోకి దిగి న్యుమోనియా కలిగిస్తాయి. అందువల్ల 'కారణం ఏది?' అన్న ప్రశ్నకు ఏకవచనంలో సమాధానం లేదు. నేటి శాస్త్రసాహిత్యం దీనిని 'బొవైన్ రెస్పిరేటరీ డిసీజ్ కాంప్లెక్స్' అంటున్నది. ఈ పేరు నిర్దుష్టమైనదే. అయితే పాత పేరులో ఉన్న ఒక సత్యం ఇందులో మరుగున పడింది. 'షిప్పింగ్' అన్న మాట వ్యాధి మూలాన్ని మనిషి చేసిన రవాణాలో చూపింది. కొత్త పేరు దానిని పశువు దేహంలోకి మార్చింది. ఈ కారణంగా తెలుగులో 'రవాణా జ్వరం' అనడమే సముచితమని నా అభిప్రాయం.

3. ఒక్కొక్క వైరస్‌ది ఒక్కొక్క తీరు:

'వైరస్‌లు రూపం మార్చుకుంటాయి' అనే ఒక్క వాక్యంతో మన జనరంజక విజ్ఞాన రచనలు తరచుగా సరిపెట్టుకుంటాయి. ఈ వ్యాధికి సంబంధించిన వైరస్‌లను విడివిడిగా చూస్తే ఆ వాక్యం ఎంత స్థూలమైనదో తెలుస్తుంది.

బొవైన్ హెర్పిస్ వైరస్-1 దాదాపు 1,35,000 జతల అక్షరాల డి.ఎన్.ఏ. గల వైరస్. దాని నకలులో తప్పులు తక్కువ. అందుచేత ప్రపంచమంతటా దాని భేదాలు స్వల్పమే. దాని బలం మార్పులో లేదు, దాగి ఉండడంలో ఉంది. ఒకసారి సోకితే ముఖానికి చెందిన నాడీకణాలలో జీవితాంతం అణగి ఉండి, పశువు బడలికకు లోనైనప్పుడు మళ్ళీ బయటపడుతుంది.

బొవైన్ వైరల్ డయేరియా వైరస్ ఇందుకు భిన్నం. 1946లో న్యూయార్క్ రాష్ట్రంలో ఈ వ్యాధిని మొదట వర్ణించారు. దీని ఆర్.ఎన్.ఏ.లో సుమారు 12,300 అక్షరాలుంటాయి. మొదటి జన్యురూపంలో ఇరవైకి పైగా ఉపరూపాలు గుర్తించబడ్డాయి. 1990ల తొలినాళ్ళలో కెనడాలోని అంటారియో, క్విబెక్ ప్రాంతాలలో తీవ్రమైన వ్యాధి చెలరేగిన తరువాత రెండవ జన్యురూపం వెలుగులోకి వచ్చింది. 2004లో, బ్రెజిల్ నుంచి వచ్చిన దూడపిండ రక్తరసంలో కనిపించిన 'హోబి' వైరస్‌ను జర్మన్ శాస్త్రజ్ఞులు వర్ణించారు. దానిని ఇప్పుడు వేరొక జాతిగా పరిగణిస్తున్నారు. ఈ వైరస్ గర్భస్థ పిండానికి తొలి నాలుగు నెలలలో సోకితే, పుట్టే దూడ దానిని తనలో భాగంగానే భావిస్తుంది. ప్రతిఘటించదు. బ్రతికినంత కాలం వైరస్‌ను వెదజల్లుతూనే ఉంటుంది. మందలో అటువంటి దూడ ఒక్కటి ఉన్నా చాలు.

పారాఇన్‌ఫ్లుయెంజా-3 వైరస్‌లో ఎ, బి, సి అనే మూడు జన్యురూపాలున్నాయి. రెండవది మొదట ఆస్ట్రేలియాలో, మూడవది చైనాలో వర్ణించబడ్డాయి. అనంతరం మూడూ అమెరికా పశువులలోనే కనిపించాయి. బొవైన్ కరోనా వైరస్ జన్యుపదార్థం 31,000 అక్షరాలకు చేరువగా ఉన్నా, నకలులోని తప్పులను దిద్దే ఎంజైము దానికి ఉంది. 2011లో ఓక్లహోమాలో ఒక పంది నుంచి వేరుచేసిన ఇన్‌ఫ్లుయెంజా-డి వైరస్‌కు అసలు ఆశ్రయం పశువులేనని తరువాతి పరిశోధనలు తెలిపాయి. దాని జన్యుపదార్థం ఏడు ఖండాలుగా ఉంటుంది. రెండు వంశశాఖల వైరస్‌లు ఒకే కణంలో చేరితే ఖండాలు తారుమారై కొత్త కలయికలు ఏర్పడతాయి.

దాగి ఉండడం, తప్పులు పేరుకోవడం, తప్పులను దిద్దుకోవడం, ఖండాలను మార్చుకోవడం – ఇవి నాలుగు వేర్వేరు ప్రక్రియలు. వీటన్నిటికీ 'రూపం మార్చుకోవడం' అన్న ఒకే క్రియను వాడితే పాఠకునికి ఏదీ అర్థం కాదు.

4. 'జాతి' మోస్తున్న భారం:

తెలుగులో 'జాతి' అనే పదానికి వ్యవహారంలో ఎన్ని అర్థాలో! ఒంగోలు జాతి ఎద్దు అన్నప్పుడు అది పశువుల మేలురకం. జీవశాస్త్ర పాఠ్యగ్రంథంలో అది పరస్పరం సంతానోత్పత్తి చేయగల జీవుల సముదాయం. వార్తాపత్రికలో 'కొత్త వైరస్ జాతి' అంటే ఒకచోట స్ట్రెయిన్, ఒకచోట జన్యురూపం, మరొకచోట సీరోటైపు. 'రకం' అన్న మాటదీ ఇదే స్థితి.

ఈ గందరగోళం కేవలం పదాలకు పరిమితమైనది కాదని రెండు పశువ్యాధుల చరిత్ర నిరూపిస్తుంది. రిండర్‌పెస్ట్ వైరస్‌లో ఆసియా, ఆఫ్రికా వంశశాఖలు వేర్వేరుగా ఉండేవి. అయినా సీరోటైపు ఒక్కటే. కనుక ఒకే టీకా అన్ని శాఖలకూ పనిచేసింది. భారతదేశం 2006లో ఆ వ్యాధి నుంచి విముక్తి గుర్తింపు పొందింది. 2011లో అది భూమి మీద నుంచే నిర్మూలమైనట్లు ప్రకటన వెలువడింది. గాలికుంటు వ్యాధిలో ఏడు సీరోటైపులున్నాయి. ఒకదానికి వేసిన టీకా మరొకదాని నుంచి రక్షించదు. అందుకే మన దేశంలో ఒ, ఎ, ఏషియా-1 అనే మూడింటినీ కలిపి టీకా తయారుచేస్తారు. రిండర్‌పెస్ట్‌లో 'రకాలు' ఉన్నా టీకాకు భంగం లేదు. గాలికుంటులో 'రకాలు' ఉండడమే టీకాకు ప్రధాన సమస్య. రెండు చోట్లా 'రకం' అనే రాస్తే, టీకా పనిచేస్తుందా లేదా అన్న అసలు ప్రశ్నకు ఆ వాక్యంలో చోటే ఉండదు.

5. మాయావి రూపకం – పాఠభేద రూపకం:

వైరస్‌ను మాయలేడితోనో, కామరూపం ధరించే రాక్షసునితోనో పోల్చడం మన రచయితలకు అలవాటు. ఈ పోలిక వైరస్‌కు సంకల్పాన్ని ఆపాదిస్తుంది. వాస్తవంలో వైరస్‌కు మోసగించాలన్న తలంపు లేదు. నకలు తీయడంలో తప్పులు దొర్లుతాయి. వాటిలో చాలావరకు వైరస్‌కే హాని చేస్తాయి. కొన్ని నిలుస్తాయి. ఆర్.ఎన్.ఏ. వైరస్‌లలో పదివేల నుంచి పది లక్షల అక్షరాలకు ఒక తప్పు చొప్పున దొర్లుతుందని స్థూలంగా అంచనా.

ఈ ప్రక్రియను చెప్పడానికి మన సొంత శాస్త్రంలోనే తగిన పరిభాష సిద్ధంగా ఉంది. తాళపత్ర గ్రంథాన్ని ఒక లేఖకుడు నకలు తీస్తాడు, పొరపాటున ఒక అక్షరం మారుతుంది. ఆ ప్రతిని చూసి రాసిన ప్రతులన్నిటిలోనూ ఆ మార్పు కొనసాగుతుంది. ఉమ్మడి దోషాలు గల ప్రతులు ఒకే మాతృక నుంచి వచ్చాయని 19వ శతాబ్దిలో జర్మన్ పండితుడు కార్ల్ లాఖ్‌మన్ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి చెబుతుంది. వైరస్‌ల వంశవృక్షాన్ని గీసేవారు ఆధారపడేదీ ఈ సూత్రం మీదనే. ఈ బంధుత్వం కేవలం అలంకారం కాదు. 1998లో జీవశాస్త్రజ్ఞులు, సాహిత్యవేత్తలు కలిసి, చాసర్ 'కాంటర్‌బరీ టేల్స్' రాతప్రతుల సంబంధాలను జన్యువంశవృక్షాలు గీసే కంప్యూటర్ పద్ధతులతోనే విశ్లేషించారు.

సాదృశ్యం ఇంకా ముందుకు సాగుతుంది. పూనాలోని భండార్కర్ సంస్థ మహాభారత సంశోధిత ప్రతిని సిద్ధం చేసినప్పుడు ప్రతులను లిపుల వారీగా వర్గీకరించారు. తెలుగు లిపి ప్రతులు దాక్షిణాత్య పాఠంలో ఒక శాఖ అయ్యాయి. వైరస్‌లలో వంశశాఖలు భౌగోళికంగా ఏర్పడే తీరు ఇలాంటిదే. లేఖకుడు రెండు ప్రతులను ముందుంచుకొని కలిపి రాస్తే వంశవృక్షం చిక్కుపడుతుంది. ఒకే కణంలో రెండు వైరస్‌లు కలిసినప్పుడు జరిగేది అదే. ఇన్‌ఫ్లుయెంజా-డి ఖండాలు తారుమారు కావడం రెండు తాళపత్రపు కట్టల ఆకులు కలిసిపోవడం వంటిది. తప్పులు దిద్దే ఎంజైము గల కరోనా వైరస్, రాసిన ప్రతిని తిరిగి సరిచూసుకునే లేఖకుని వంటిది. అచ్చుపుస్తకాన్ని చూసి రాసుకున్న ప్రతి పరిశోధకుని తప్పుదారి పట్టించినట్లే, సజీవ టీకాలోని హెర్పిస్ వైరస్ రోగగ్రస్త పశువులో కనిపించి, అది వ్యాధి వైరసా, టీకా వైరసా అన్న సందేహం కలిగిస్తుంది. జన్యుక్రమంలోని చిన్న తేడాలే దానిని తీరుస్తాయి.

6. సాదృశ్యపు హద్దులు:

ఏ రూపకాన్నైనా దాని హద్దు దాటించడం విమర్శకునికి తగదు. పరిష్కర్త పాఠభేదాన్ని దోషంగా చూస్తాడు. కవి రాసిన మూలపాఠాన్ని చేరడమే అతని లక్ష్యం. వైరస్‌కు అటువంటి ప్రామాణిక మూలం లేదు. వంశవృక్షపు మొదట ఉన్నది పూర్వీకమే గాని 'సరైనది' కాదు. ఆ పరిస్థితులలో మనగలిగిన ప్రతి పాఠమూ సరైన పాఠమే.

మరొక భేదం ఉంది. కావ్యంలో అక్షరం మారితే అర్థం మారిందో లేదో సహృదయుడు చెప్పగలడు. జన్యుక్రమంలోని మార్పు పశువు రోగనిరోధక వ్యవస్థకు కనిపిస్తుందో లేదో క్రమాన్ని చదివినంత మాత్రాన పూర్తిగా తేలదు. ప్రతిరక్షకాలతో పరీక్షించాలి, పశువులలో పరిశీలించాలి. జన్యుభేదం వేరు, ప్రతిజనక భేదం వేరు. రిండర్‌పెస్ట్ ఉదాహరణ నేర్పే పాఠం ఇదే.

ఉభయశాస్త్రాలకూ సమానమైన పరిమితి కూడా ఒకటుంది. మనకు దక్కిన ప్రతులే మన వంశవృక్షాన్ని నిర్ణయిస్తాయి. భాండాగారాలున్న చోటి ప్రతులు నిలిచినట్లే, ప్రయోగశాలలున్న దేశాల వైరస్ క్రమాలే ఎక్కువగా నమోదవుతాయి. ఒక జన్యురూపం 'మొదట' ఫలానా దేశంలో కనిపించిందంటే అది అక్కడే పుట్టిందని అర్థం కాదు, అక్కడ మొదట వెదికారని మాత్రమే అర్థం. వైరస్‌లకు దేశనామాలు అంటగట్టే రచనలు ఈ తేడాను విస్మరిస్తున్నాయి.

7. పాత పాఠం – కొత్త పశువు:

ఈ చర్చకు ఆచరణలో ప్రయోజనమేమిటి? అమెరికాలో బి.వి.డి. టీకాలు చిరకాలంగా 1ఎ ఉపరూపానికి చెందిన పాత స్ట్రెయిన్లతో తయారవుతున్నాయి. అనంతరం 2ఎ కూడా చేరింది. ఫీడ్‌లాట్ పశువులలో అధికంగా కనిపిస్తున్నది 1బి. పారాఇన్‌ఫ్లుయెంజా టీకాలు జన్యురూపం ఎ మీద ఆధారపడినవి; బి, సి కూడా మందలలో తిరుగుతున్నాయి. టీకా అంటే ఒకప్పటి పాఠాన్ని పశువు చేత వల్లె వేయించడం. పాఠం కొంత మారినా పోలిక పట్టగలదు. కాబట్టి రక్షణ బొత్తిగా ఉండదనడం అతిశయోక్తి, అంతటా సమానంగా ఉంటుందనడం అజాగ్రత్త. ఈ మధ్యస్థ సత్యాన్ని పలకగల వాక్యం తెలుగులో కావాలి.

వైవిధ్యం మీదనే దృష్టి నిలిపితే మరొక ప్రమాదం ఉంది. డెన్మార్క్, స్వీడన్, నార్వే, ఫిన్లాండ్ దేశాలు 1990లలో ఆరంభించి, టీకా మీద ఆధారపడకుండానే బి.వి.డి.ని తమ మందల నుంచి తొలగించాయి. వైరస్‌ను జీవితాంతం మోసే పశువులను పరీక్షలతో గుర్తించి తీసివేయడం, కొత్త పశువుల రాకను నియంత్రించడం వారి మార్గం. ఏ ఉపరూపమైనా ఆ మార్గానికి లోబడవలసిందే. 'మాయావి వైరస్' అన్న కథనం ఇటువంటి పాలనాపరమైన బాధ్యతను కనుమరుగు చేస్తుంది. శత్రువు మాయావి అయితే ఓటమికి ఎవరూ జవాబుదారులు కారు కదా!

8. తెలుగు నేలతో సంబంధం:

మన ప్రాంతంలో ఫీడ్‌లాట్లు లేవు. మన పశుపోషణ ప్రధానంగా పాడి కోసం. అయినా ఈ విషయం మనకు పరాయిది కాదు. బ్రెజిల్ మాంసపు మందలలో అధికభాగం 'నెలోర్' పశువులు. ఆ పేరు మన నెల్లూరుదే. 19వ శతాబ్ది నుంచి 1960ల తొలినాళ్ళ వరకు ఓడలెక్కి వెళ్ళిన ఒంగోలు పశువుల సంతతి అది. ఆ పశువులతో వైరస్‌లు వెళ్ళాయని చెప్పడానికి నా వద్ద ఆధారం లేదు, చెప్పను కూడా. కాని పశువులు ఖండాలు దాటే లోకంలో వైరస్‌ల భూగోళం ఒక దేశానికి పరిమితం కాదన్నది స్పష్టం. భోపాల్‌లోని జాతీయ సంస్థ శాస్త్రజ్ఞులు భారతీయ పశువులలో బి.వి.డి. వైరస్‌తోపాటు హోబి తరహా వైరస్‌ను కూడా గుర్తించారు. మన సంతలలో పలు ఊళ్ళ పశువులు కలవడం, వాహనాలలో కిక్కిరిసి ప్రయాణించడం రవాణా జ్వరపు ఆవరణాన్ని చిన్న పరిమాణంలో పునఃసృష్టిస్తున్నాయి.

జబ్బవాపు, గాలికుంటు, గొంతువాపు వంటి పేర్లు కంటికి కనిపించే లక్షణం మీద ఏర్పడ్డవి. అవి మన రైతుల పరిశీలనాశక్తికి సాక్ష్యాలు. లక్షణం ఒకటి, కారకం ఒకటి అయినంత కాలం అవి చక్కగా పనిచేశాయి. ఒకే దగ్గుకు అయిదారు వైరస్‌లు కారణమైనప్పుడు, ఒకే వైరస్ దగ్గును, విరేచనాలను, గర్భస్రావాన్ని కలిగించినప్పుడు ఆ పద్ధతి చాలదు. ఈ లోపం తెలుగుది మాత్రమే కాదు. 'వైరల్ డయేరియా' అన్న ఆంగ్లనామం కూడా శ్వాసకోశ వ్యాధిలో ఆ వైరస్ పాత్రను దాచిపెడుతున్నది.

9. ముగింపు:

పై పరిశీలన ఆధారంగా కొన్ని సూచనలు చేయవచ్చు. 'జాతి' అన్న మాటను జీవజాతి అర్థానికి పరిమితం చేయాలి. జన్యుక్రమం మీద ఏర్పడ్డ విభాగానికి 'జన్యురూపం', 'ఉపజన్యురూపం', బంధుత్వక్రమానికి 'వంశశాఖ', నిరోధకశక్తికి సంబంధించిన తేడాకు 'ప్రతిజనక భేదం' అనే మాటలు వాడాలి. 'స్ట్రెయిన్', 'సీరోటైపు'లను తెలుగు లిపిలో యథాతథంగా స్వీకరించాలి. వాటికి బలవంతపు పర్యాయపదాలు కల్పించి లాభం లేదు. రైతు వాడే వ్యాధినామాన్ని ఆ వ్యాధికే వాడాలి. కొత్త వ్యాధికి దానిని అరువివ్వరాదు.

తెలుగు శాఖలలో అనువాదం బోధిస్తున్న మనం శాస్త్రజ్ఞులం కాము. కాని మన విద్యార్థులే రేపటి పత్రికా రచయితలు, పాఠ్యపుస్తక అనువాదకులు. పద్యంలో ఒక అక్షరం మారితే ఛందస్సు చెడిందని పట్టుకోగల శ్రద్ధ వారికి మనం నేర్పుతూనే ఉన్నాం. ఆ శ్రద్ధను వ్యాధి పేరు మీద, టీకా వివరం మీద కూడా చూపమని నేర్పడం మన విధిలో భాగమే. 'గురక వ్యాధి' అని రాసిన విద్యార్థి ఆ వారం తన తండ్రిని అడిగి వచ్చి, రెండు వ్యాధుల తేడాను తరగతికి తానే వివరించాడు. తన అనువాదాన్ని 'రవాణా జ్వరం' అని దిద్దుకున్నాడు.